పెద్ద టైరు వేస్తే చాలదు
(విజ్ఞానం – లెక్కలు)



కోనసీమలో ఊడుపుల రోజులొస్తే ట్రాక్టర్లు దమ్ము చక్రాలు తగిలించుకుని మోకాలిలోతు బురదలో తిరుగుతుంటాయి. గోదావరికి వరదొచ్చి లంక ఊళ్ళ కాజ్‌వేల మీదికి నీళ్ళెక్కితే, లోతు తక్కువ ఉన్నంతసేపు జనాన్ని దాటించేదీ ట్రాక్టరే. మన మన్యంలో ఆ పని జీపు చేస్తుంది. రెండూ చూసినవాళ్ళం కనక "జీపుకి కూడా పెద్ద టైర్లేస్తే ట్రాక్టరులాగ ఎక్కడికైనా పోతుంది" అనుకుంటాం. ఇది సగమే నిజం. మిగతా సగం తెలియకపోతే ఘాట్ రోడ్డులో ప్రాణం మీదికొస్తుంది. అదేమిటో లెక్క వేసి చూద్దాం.

1. టైరు మీది అంకెలు

రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన విల్లీస్ జీపు టైరు సైజు 6.00–16. వెడల్పు 6 అంగుళాలు, లోపలి రిమ్ము 16 అంగుళాలు అని అర్థం. ఈ పాత రకం టైరుకి పక్క ఎత్తు దాదాపు వెడల్పంతే ఉంటుంది. అంటే మొత్తం ఎత్తు 6+16+6 = 28 అంగుళాలు. చాలా ట్రాక్టర్లకి ముందు టైరు కూడా ఇదే సైజు. ఈసారి చూసినప్పుడు చదవండి.

కొత్త రకంలో 255/65 ఆర్ 18 అని ఉంటుంది. వెడల్పు 255 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో నూటికి 65 వంతు, రిమ్ము 18 అంగుళాలు. లెక్క కడితే ఎత్తు సుమారు 31 అంగుళాలు. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌కి ఈ సైజు ఉంది.

2. వచ్చేది ఎంత, పోయేది ఎంత

28 తీసి 31 వేశామనుకోండి. ఎత్తు 3 అంగుళాలు పెరిగినా, ఇరుసు లేచేది అందులో సగం, అంటే అంగుళమున్నర. రాయి తగిలేది ఇరుసు మధ్యనున్న గుండ్రటి హౌసింగుకే కనక అంగుళమున్నరైనా లాభమే. కమాను పట్టీల కింద దిమ్మలు పెడితే బాడీ లేస్తుంది గాని ఇరుసు లేవదు. ఇరుసుని లేపేది టైరే.

ఇక పోయేది. చుట్టుకొలత = 22/7 × వ్యాసం.
28 అంగుళాల టైరు ఒక చుట్టుకి 88 అంగుళాలు పోతుంది.
31 అంగుళాల టైరు ఒక చుట్టుకి సుమారు 97.4 అంగుళాలు పోతుంది.

ఇంజను అదే, చుట్టుకి దూరం ఎక్కువ. దూరం పెరిగితే లాగుడు తగ్గాలి. ఇక్కడ నూటికి పదివంతులు తగ్గింది. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు డ్రైవరు సగం క్లచ్చు మీద నడుపుతాడు, క్లచ్చు ప్లేటు మాడు వాసన వస్తుంది. మీటరు కూడా అబద్ధం చెబుతుంది. ముల్లు 40 మీద ఉంటే బండి నిజానికి 44లో పోతోంది.

3. క్రౌను, పినియన్

పోయిన లాగుడు తిరిగి రావాలంటే హౌసింగులో ఉన్న క్రౌను, పినియన్ల జత మార్చాలి. పినియన్ చిన్నది, పొడుగు షాఫ్టుతో తిరుగుతుంది. క్రౌను పెద్దది, చక్రాల్ని తిప్పుతుంది. యుద్ధకాలపు విల్లీస్‌లో పినియన్‌కి 8 పళ్ళు, క్రౌనుకి 39. షాఫ్టు 4.88 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. యుద్ధం తరవాతి రకంలో 8, 43 పెట్టారు. అది 5.38.

షాఫ్టు ఒక చుట్టుకి బండి ఎంత జరుగుతుందో చూడండి:
పాత టైరు, పాత జత: 88 ÷ 4.88 = 18 అంగుళాలు
పెద్ద టైరు, పాత జత: 97.4 ÷ 4.88 = 20 అంగుళాలు
పెద్ద టైరు, 5.38 జత: 97.4 ÷ 5.38 = 18 అంగుళాలు

మళ్ళీ 18కే వచ్చింది! లాగుడూ వచ్చింది, మీటరూ సరిపోయింది. అయితే ముందు చక్రాలు కూడా లాగే బండికి రెండు ఇరుసుల్లోనూ ఒకే జత మార్చాలి. వెనక ఒక్కటే మార్చి ఫోర్ వీల్ వేస్తే, గట్టి రోడ్డు మీద ముందు చక్రాలు ఒక లెక్కలో, వెనక చక్రాలు ఒక లెక్కలో తిరగబోయి ఒకదాన్నొకటి పీక్కుంటాయి. చివరికి గేర్లు విరుగుతాయి.

4. ఇరుసు ఓర్చుకోవాలి

పెద్ద టైరు బరువెక్కువ. రాళ్ళ మధ్య ఇరుక్కుంటే చక్రానికీ హౌసింగుకీ మధ్యనున్న యాక్సిల్ రాడ్డు మెలిపడుతుంది. కొన్ని బండ్లలో ఈ రాడ్డే తిప్పుతుంది, బరువూ మోస్తుంది. అలాంటి చోట రాడ్డు విరిగితే చక్రమే ఊడి రావచ్చు. లారీలో అలా కాదు. బరువు హౌసింగు మోస్తుంది, రాడ్డు తిప్పుతుందంతే. లారీ వెనక చక్రం నడుమ గుండ్రంగా బోల్టులున్న మూత కనిపిస్తుంది చూడండి, అది రాడ్డు తల. అది విరిగినా చక్రం బండితోనే ఉంటుంది. అందుకే టైరు బాగా పెంచేవాళ్ళు ఇరుసే మార్చి ఇలాంటిది వేస్తారు.

5. బ్రేకు మాటేమిటి?

గేరు మారిస్తే లాగుడు వస్తుంది గాని బ్రేకు రాదు. బ్రేకు డ్రమ్ము పాతదే, టైరు పెద్దది. కనక పెడలు అంతే తొక్కితే నూటికి పదివంతులు తక్కువ పట్టు. పైగా బండి ఎత్తు పెరిగి మలుపులో తిరగబడే భయం ఎక్కువ. మారేడుమిల్లి ఘాట్ దిగే జీపులో లోపల కిక్కిరిసి, వెనకాల వేలాడుతూ మనవాళ్ళుంటారు. పెద్ద టైర్లేసిన జీపు కనిపిస్తే "బ్రేకులు కూడా మార్పించావా అన్నా?" అని అడగండి. అడగడం తప్పు కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కూడా ఆర్.సి.లో రాసినదానికి వేరుగా బండిని మార్చకూడదనే చెబుతుంది.

6. ట్రాక్టరు చెప్పే పాఠం

మరి ట్రాక్టరు వెనక చక్రం నాలుగడుగులు దాటి ఉంటుంది కదా, అదెలా లాగుతోంది? చాలా ట్రాక్టర్లలో క్రౌను, పినియన్ దాటాక చక్రం దగ్గర ఇంకో గేరు జత ఉంటుంది. వేగం అక్కడ మరోసారి తగ్గుతుంది, లాగుడు పెరుగుతుంది. జర్మనీలో 1946లో వ్యవసాయం కోసమని తయారుచేసిన యూనిమోగ్ బండిలోనూ చక్రాల దగ్గర గేర్లు పెట్టి ఇరుసుని పైకి లేపారు. అంటే చక్రం పెద్దదని ట్రాక్టరు లాగడం లేదు. ఆ చక్రానికి తగ్గ గేరు, ఇరుసు, బ్రేకు మొదటినుంచీ ఉన్నాయి కనక లాగుతోంది.

ఐ.టి.ఐ.లో చేరి మెకానిక్కు కావాలనుకునేవాళ్ళు ఈ వరస గుర్తుపెట్టుకోండి: టైరు, గేరు, ఇరుసు, బ్రేకు. ఒకటి మారిస్తే మిగతా మూడూ చూడాలి.

ప్రశ్నలు (జవాబులు లెక్కల మాస్టారికి చూపించండి)

1. 28 అంగుళాల టైరు తీసి 35 వేస్తే ఒక చుట్టుకి ఎన్ని అంగుళాలు పోతుంది?
2. అప్పుడు 8 పళ్ళ పినియన్‌కి, 39 పళ్ళ క్రౌను బదులు ఎన్ని పళ్ళది కావాలి?
3. అంత పెద్ద క్రౌను పాత హౌసింగులో పడుతుందా? పడకపోతే ఏం చేయాలి?