పాఠపరిష్కరణమున సమష్టి లేఖనము – అంతర్జాల పనిగదులలో అధికార వ్యవస్థ

తాళపత్ర గ్రంథముల పాఠసేకరణము ఒక్కరే ఒకచోట కూర్చుండి చేయు పనిగా నేడు మిగులలేదు. 2020లో కళాశాలలు మూతపడిన కాలమున పెక్కు పరిశోధక బృందములు తమ పట్టికలను, పత్రముల ఛాయాచిత్రములను, శుద్ధప్రతులను అంతర్జాలమునందలి ఉమ్మడి స్థలములకు తరలించినవి. వరంగల్లున ఒక అధ్యాపకుడు, తిరుపతిలో ఒక పరిశోధకుడు, హైదరాబాదున ఒక విశ్రాంత పండితుడు ఒకే పట్టికను ఒకే నిమిషమున తెరచి వ్రాయగలుగుచున్నారు. ఇది మా తరమువారు ఊహింపజాలని సౌకర్యము. కాని ఎవరు ఏమి చూడవచ్చును, ఎవరు ఏమి వ్రాయవచ్చును, ఒకరు వ్రాసినదానిని మరియొకరు దిద్దవచ్చునా అను ప్రశ్నలను ముందుగా తేల్చుకొనక పని ప్రారంభించినచో సౌకర్యమే ప్రమాదముగా పరిణమించును. ఈ వ్యాసమున ఆ ప్రశ్నలు విచారింపబడుచున్నవి.

1. విచారమునకు కారణము

ఈ విచారమునకు ప్రేరకమైన స్వానుభవము నొకదానిని మొదట నివేదింతును. కొన్నేండ్ల క్రిందట మేము ఆరుగురము కలసి ఒక అలంకారగ్రంథము యొక్క తాళపత్ర ప్రతిని ముద్రిత పాఠముతో పోల్చి చూచితిమి. పట్టికను ఒక విద్యార్థి తన ఖాతాలో సిద్ధపరచెను. విద్వాంసులలో తారతమ్యము పాటింపరాదను భావముతో అందరికిని వ్రాయు అధికారము నేనే ఇప్పించితిని. మాలో వృద్ధులగు ఒక పండితులు పురుగు తిన్న ఆకు అంచున మిగిలిన అక్షరములను భూతద్దముతో చదివి ఒక విలక్షణ పాఠమును నమోదు చేయించిరి. కొంతకాలమునకు ఆ విద్యార్థి సదుద్దేశముతోనే పట్టికను 'శుభ్రము' చేసెను. వ్యాకరణమునకు పొసగనట్లు తోచిన పాఠములకు మారుగా ముద్రిత పాఠములనుంచి, క్రొత్త ప్రతిని తయారుచేసి, పాతదానిని తొలగించెను.

ఈ సంగతి మాకు మూడు మాసములకు తెలిసినది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో తొలగించిన పత్రము 30 దినములే నిలుచును. ఈలోగా ఆ పండితులు స్వర్గస్థులైరి; ఆకు అంచు రాలిపోయెను. ఆ పాఠము ఒప్పో తప్పో నేడు చెప్పజాలను. అది ఉండినదని మాత్రమే చెప్పగలను. ఇందు దోషము ఆ విద్యార్థిది కాదు, హద్దు గీయని నాది.

2. పూర్వుల పద్ధతి

సమష్టిగా పాఠపరిష్కరణము చేయుట మనకు క్రొత్త కాదు. సి.పి. బ్రౌన్ (1798–1884) కడపలోని తన బంగళాలో పండితులను, వ్రాయసకాండ్రను నియమించి, ఒక్కొక్క కావ్యమునకు పెక్కు ప్రతులు సేకరించి పోల్పించెను. జూలూరి అప్పయ్య మొదలగువారు ఆ పనిలో పాల్గొనిరి. ఆ ప్రతులు మద్రాసునందలి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమునకు చేరుటచేతనే తరువాతి తరములవారికి ఉపయోగపడినవి.

ఇంతకంటె సువ్యవస్థితమైన నిదర్శనము పుణె భండార్కర్ ప్రాచ్యవిద్యా సంశోధన సంస్థవారి మహాభారత పరిష్కరణము. 1919లో ఆరంభమై 1966లో ముగిసిన ఆ మహాకార్యమునకు పుణెతోపాటు తంజావూరు, శాంతినికేతనములందును పాఠసేకరణ జరిగినది. అందు సేకరణ పత్రములను గళ్లుగా విభజించి, పై వరుసలో శ్లోకమును అక్షరమునకు ఒక గడి చొప్పున వ్రాసి, క్రింది వరుసలలో ఆయా ప్రతులందలి భేదములను సరిగా ఆయా అక్షరముల క్రిందనే నమోదు చేసెడివారు. పత్రమును నింపు శాస్త్రి పాఠనిర్ణయము చేయడు. నిర్ణయించు సంపాదకుడు పత్రమును మార్చడు. 1925లో బాధ్యత వహించిన సుక్థంకర్ 1943లో దివంగతులైనను, వారి తరువాత బేల్వల్కర్, వైద్య వంటివారు ఆ పనిని కొనసాగింపగలిగిరి. పత్రములు వ్యక్తులవి కాక సంస్థవి యగుటయే అందులకు ముఖ్యకారణము.

కడపలోనైనను, పుణెలోనైనను గదులు, బీరువాలు, తాళపుచెవులు చేసిన పనినే నేడు అంతర్జాలమున అనుమతులు చేయవలసియున్నది.

3. పాణినీయమునందలి పోలిక

అధికారమనగా ఏమి? లోకవ్యవహారమున అది పెత్తనము. పాణినీయమున అట్లు కాదు. 1.3.11వ సూత్రము అధికారమును స్వరితచిహ్నముచే గుర్తింపవలెనని విధించుచున్నది. 6.4.1లోని అంగాధికారము సప్తమాధ్యాయాంతము వరకు ప్రవర్తించును; అటుపై దానికి ప్రసక్తి లేదు. అనగా శాస్త్రమున అధికారమునకు ఆరంభము ఎంత స్పష్టమో అవధియు అంత స్పష్టము కావలెను. బృందమున ఒకరికి వ్రాయు అధికారము ఇచ్చునపుడు ఏ ప్రకరణమునకు, ఎంతవరకు అని చెప్పకుండుట అవధి లేని అధికారసూత్రమును వ్రాయుట వంటిది.

ఇంతకంటె ముఖ్యమైనది 8.2.1లో చెప్పబడిన అసిద్ధత్వము. సపాదసప్తాధ్యాయి దృష్టిలో త్రిపాదియందలి కార్యము జరుగనట్టిదే. త్రిపాదికి మాత్రము పూర్వశాస్త్ర కార్యమంతయు సిద్ధమే. చూపు ఒకవైపే ప్రసరించుచున్నది. పాఠపరిష్కరణమునకు ఈ న్యాయము ఎంతో ఉపకరించును. నిర్ణయించువానికి సేకరణమంతయు కనబడవలెను. సేకరించువానికి నిర్ణయము కనబడరాదు. కనబడినచో చెరిగిన అక్షరమును అతడు ఆకునందు ఉన్నట్లుగాక, సంపాదకుడు కోరినట్లుగా చదువును. ఇది కపటము కాదు, మనస్సు యొక్క స్వభావము.

4. వ్యవస్థ

ఓరుగల్లున ప్రతాపరుద్రుని ఆస్థానమున విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయమును ఉదాహరణముగా గ్రహింతము. నాయక ప్రకరణము మొదలుకొని మిశ్రాలంకార ప్రకరణము వరకు ఇందు తొమ్మిది ప్రకరణములు కలవు. దీనికి మల్లినాథసూరి కుమారుడగు కుమారస్వామి రచించిన రత్నాపణ వ్యాఖ్య ప్రసిద్ధము. ఈ గ్రంథమును పరిష్కరింపబూనిన బృందమునకు నాలుగు పనిగదులు అవసరము.

మొదటిది ఛాయాచిత్రముల గది. ఇందు అందరును చూడవచ్చును. క్రొత్త చిత్రములను చేర్చుటకు ఒక్కరికే అధికారము. రెండవది సేకరణ గది. ఒక్కొక్క ప్రతికి ఒక్కొక్క పట్టిక ఉండవలెను. ప్రతిసంకేతము, ఆకు సంఖ్య, పార్శ్వము, పంక్తి, పాఠము, చదివినవారి పేరు, తేదీ అను ఏడు అంశములు లేని నమోదు నమోదే కాదు. సందేహము గల అక్షరమునకు సందేహచిహ్నము ఉంచవలెనుగాని ఊహతో పూరింపరాదు. మూడవది నిర్ణయ గది. ఇందు సంపాదకులు మాత్రమే మూలపాఠమును వ్రాయుదురు.

నాల్గవది వ్యాఖ్యానపు గది. దీనిని మూలముతో కలుపరాదనుటకు హేతువు కలదు. వ్యాఖ్యాత తన యెదుట నున్న మూలప్రతిని అనుసరించి ప్రతీకములను గ్రహించును. అది మన ప్రతులకంటె భిన్నము కావచ్చును. ఒకరు వ్యాఖ్యను చూచి మూలమును, మరియొకరు మూలమును చూచి వ్యాఖ్యలోని ప్రతీకములను దిద్దినచో రెండు సాక్ష్యములు ఒకటై అన్యోన్యాశ్రయ దోషము కలుగును. ఆ దోషము అచ్చైన పిదప ఎవరికిని కనబడదు.

అనుమతులు గూగుల్ డ్రైవ్ వంటి సాధనములందు మూడు విధములు: చూచుట, వ్యాఖ్యానించుట, మార్చుట. మన బృందములు మొదటిదానిని, మూడవదానిని మాత్రమే వాడుచున్నవి. పండితులకు నిజముగా కావలసినది రెండవది. ఇతరుల పాఠముపై ఆక్షేపమున్నచో ప్రక్కన వ్రాయవచ్చును, పాఠము చెక్కుచెదరదు. మన వ్రాతప్రతులందు పూర్వులు అంచులలో టిప్పణములు వ్రాసినదియు ఇట్లే గదా!

స్వామిత్వము మరియొక విషయము. వ్యక్తి ఖాతాలో పుట్టిన పత్రమునకు ఆ వ్యక్తియే యజమాని. అతడు ఉద్యోగము విడిచినను, ఖాతా మూసినను బృందము చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే. సంస్థల కొరకు ఏర్పడిన ఉమ్మడి డ్రైవులందు పత్రము బృందమునకే చెందును. సభ్యుడు తొలగినను పత్రము నిలుచును. కళాశాలకు అట్టి సౌకర్యమున్నచో దానినే వాడవలెను. అది లేనిచో మాసమునకొకసారి ప్రతి తీసి వేరొకచోట భద్రపరచుట కనీస ధర్మము. నమోదులన్నియు యూనికోడ్ లిపిలోనే ఉండవలెను. ఒకరు అను ఫాంటులలోను మరియొకరు యూనికోడ్‌లోను టైపు చేసినచో ఒకే పదము యంత్రమునకు రెండు పదములగును, వెదకినను దొరకదు.

5. ఆక్షేపము – సమాధానము

ఇన్ని గదులు, ఇన్ని తాళములు ఎందులకు? అందరును ఒకేచోట వ్రాసినచో పని త్వరగా ముగియును గదా అని ఆక్షేపింపవచ్చును. పరస్పర విశ్వాసమున్నచోట కట్టడి అవమానకరమనియు అనవచ్చును.

దీనికి తెలుగు వికీసోర్సే సమాధానము. అక్కడ పాల్గొనుటకు ఎవరికిని అడ్డు లేదు. అయినను పుట ఛాయాచిత్రము ఒకప్రక్క, టైపు చేసిన పాఠము మరియొకప్రక్క నిలుచును. ఒకరు దిద్దిన పుటను వేరొకరు సరిచూచి ఆమోదింపవలెను; దిద్దినవారే ఆమోదింప వీలులేదు. ఎవరు ఎప్పుడు ఏమి మార్చిరో చరిత్రలో నిలిచియుండును. అందరికిని తెరచిన ద్వారమున కూడ క్రమము సాధ్యమేనని ఇది నిరూపించుచున్నది. కట్టడి అవిశ్వాసమునకు గుర్తు కాదు. ఎవరి చదువు వారి పేరుతో నిలుచుటయే వారికి మనము చేయు గౌరవము.

ఇద్దరే పనిచేయు చిన్న కార్యమునకు నాలుగు గదులు అధికము కావచ్చును. అప్పుడైనను సేకరణము, నిర్ణయము అను రెండింటిని వేరుచేయక తప్పదు.

ప్రాచ్యకళాశాలలయందలి మిత్రులకు నా విన్నపము ఒక్కటే. క్రొత్త పట్టికను తెరచిన దినముననే మొదటి పుటలో ఎవరికి ఏ అధికారము, ఎంతవరకు అను నాలుగు పంక్తులు వ్రాసి ఉంచుడు. నేను ఆనాడు ఆ నాలుగు పంక్తులు వ్రాసియుండినచో, ఒక వృద్ధపండితులు భూతద్దముతో చదివిన పాఠము నేడు మీ పరిశీలనకు నిలిచియుండెడిది.