కత్తిరించిన సెక్షను

పంజాగుట్ట.

చిరంజీవి మనుమనికి తాత ఆశీర్వదించి వ్రాయునది.

అమీర్‌పేట హాస్టలులో గ్రూపు పరీక్షలకు చదువుకొనుచు నీవు నిన్న రాత్రి పంపిన వాట్సాప్ సందేశమును కళ్ళద్దములు తుడుచుకొని ముమ్మారు చదివితిని. ఉమ్మడి రాజధాని గడువు తీరగానే హైదరాబాదు తనంతట తానే కేంద్రపాలిత ప్రాంతమైపోయినదనియు, 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టము 5వ సెక్షనే అందుకు ప్రమాణమనియు చెప్పి, ఆ సెక్షను ఫోటోను గూడ జతచేసినారు. ఆ ఫోటో సరిగా మొదటి ఉపవిభాగము ముగిసినచోటనే కత్తిరింపబడినది! దాని క్రిందనే, పదేండ్లకు మించని ఆ గడువు పిమ్మట హైదరాబాదు తెలంగాణమునకు రాజధానియై యుండుననియు, ఆంధ్రప్రదేశమునకు క్రొత్త రాజధాని యేర్పడుననియు స్పష్టముగా నున్నది. కత్తెర పట్టినవానికి చట్టము తెలియదని నేననుకొనను.

ఆ సందేశములోని రెండవ వాదము మరింత గడుసుది. 1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందము రెండు దేశముల నడిమి సంధి వంటిదట. అది భగ్నమైనందున నాటి రాష్ట్రావతరణమే చెల్లదట! బూర్గుల రామకృష్ణారావు, బెజవాడ గోపాలరెడ్డి ప్రభృతులు, ఆంధ్ర, తెలంగాణ ప్రాంతముల నుండి నలుగురేసి నాయకులు చేసికొన్న రాజకీయపు మాట యది. రాష్ట్రమును సృష్టించినది పార్లమెంటు చట్టము. ఆ ఒప్పందములోని ప్రాంతీయ సంఘము వంటి కొంత భాగము రాజ్యాంగపు ఏడవ సవరణ ద్వారా 371వ అధికరణమున చోటు సంపాదించుకొనుటచేతనే దానికి చట్టబలము కలిగినది. మాట తప్పినారను తెలంగాణ ప్రజల ఆక్రోశము న్యాయమైనదే, 1969 నాటి ఉద్యమము నేను కన్నులార చూచినదే. కాని ఆక్రోశము వేరు, చట్టము చెల్లకపోవుట వేరు.

ఇట్లే, నిజామునకును భారత ప్రభుత్వమునకును 1947 నవంబరు 29న జరిగిన యథాతథ ఒప్పందము నేటికిని సజీవమనువారు, అది ఒక్క సంవత్సరమునకే వ్రాసికొన్నదను మాటను మ్రింగివేయుదురు.

జిరాక్సు దుకాణమున పిన్ను కొట్టి యమ్ము నోట్సుల సంగతియు నిట్టిదే, నాయనా. 32వ సవరణచే వచ్చిన 371-డి అధికరణమును పాత ప్రతిలో చూచి, తెలంగాణమునకు వర్తింపదనువారు కలరు. 2014 చట్టపు 97వ సెక్షను దానిని ఉభయ రాష్ట్రములకును వర్తింపజేసినది. కావున ఇండియా కోడ్‌లో సవరణలతో కూడిన నేటి పాఠమును తెరచి, ముందు వెనుకల సెక్షనులతో సహా చదువుము.

ఈ సందేశము నీకు నీ గదిమిత్రుడే పంపెనంటివి. అతనితో వాదమునకు దిగక, పూర్తి పుటను ఫోటో తీసి పంపుము, చాలును. గురువారము నాకు నిమ్స్‌లో రక్తపరీక్ష యున్నది. తీరికయైనచో ఉదయమే రమ్ము.

ఇట్లు,
నీ తాత