సినిమా పోలికతో ఐటెం పంపే ముందు

హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడల్లో పనిచేసే కంట్రిబ్యూటర్లందరికీ ఈ ఒత్తిడి తెలుసు. ఐటెం పేజీలో పడాలి, పక్క పేపర్ కంటే ముందు పడాలి. హీరో పేరో సినిమా పేరో తగిలిస్తే డెస్క్ వెంటనే తీసుకుంటుంది. ఆ తొందరలో కథ కోసం కట్టిన లోకాన్ని నిజమైన ఊరికి నమూనాగా చూపిస్తాం. చిక్కంతా అక్కడే వస్తుంది.

అమరావతి సంగతే చూడండి. 2017లో రాజధాని భవనాల డిజైన్ల విషయంలో ఏపీ ప్రభుత్వం దర్శకుడు రాజమౌళి సలహా కోరింది. అప్పుడు డిజైన్లు చేస్తున్నది లండన్ సంస్థ ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్. వార్తల్లో మాత్రం ఆయన 'బాహుబలి' సినిమాలోని రాజ్యం మాహిష్మతి మారుమోగింది. తాను కన్సల్టెంటునో డిజైనర్‌నో కాదని రాజమౌళే చెప్పుకోవాల్సి వచ్చింది. మాహిష్మతి సెట్లు, గ్రాఫిక్స్‌తో తయారైంది. దానికి డ్రైనేజీ అక్కర్లేదు, భూమి ఇచ్చిన రైతుకు ప్లాటు బాకీ లేదు. అమరావతికి ఆ రెండూ ఉన్నాయి. రిపోర్టర్ అడగాల్సింది వాటి గురించే.

మరో ఉదాహరణ: 2019 సెప్టెంబరు 1న మోటారు వాహనాల కొత్త జరిమానాలు వచ్చాయి. లైసెన్స్ లేకుండా నడిపితే 500 రూపాయలున్నది 5,000 అయింది. 'భరత్ అనే నేను' సినిమాలో ముఖ్యమంత్రి జరిమానాలు పెంచుతాడు కాబట్టి పోలిక సులువుగా దొరికింది. కానీ ఈ పెంపు పార్లమెంటు చేసిన చట్టంతో వచ్చింది. పైగా తెలంగాణ ఆ పెంపును అప్పట్లో అమలు చేయలేదు. మన ఆటో డ్రైవర్‌కు కావాల్సింది ఆ రోజు చలానా ఎంత పడుతుందన్న సమాచారం.

ఇక మన పని. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరు శనివారం మడిలోకి దిగారనుకోండి. వారాంతపు సాగును చూపిన 'మహర్షి' సినిమాతో పోల్చి రాసే ముందు ఇవి అడగండి: భూమి సొంతమా, కౌలా? మిగతా రోజుల్లో పని చూసేదెవరు? నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు చివరి మడికి అందాయా? ఎకరాకు ఖర్చెంత, మిర్యాలగూడ మిల్లులో ధర ఎంత పలికింది? మిల్లు రసీదు చూడండి. పక్క చేను రైతుతో, వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ)తో మాట్లాడండి. మీ వార్త నమ్మి ఎవరైనా ఉద్యోగం మానేసి కౌలుకు దిగితే, అప్పు మోసేది వాళ్లే.

తర్వాత సినిమా పేరు కొట్టేసి ఐటెం మళ్లీ చదవండి. వార్త మిగిలితేనే పంపండి. పోలిక ఎవరైనా అన్నదైతే, అన్నవాళ్ల పేరుతోనే రాయండి. లీడ్‌లో మాత్రం వద్దు. డెస్క్ సినిమా హెడ్డింగే కావాలంటే వాదనకు దిగకండి. అంకెతో కూడిన మరో హెడ్డింగ్ మీరే రాసి పంపండి. రాత్రి పదింటికి పేజీ పెడుతున్న సబ్ ఎడిటర్ చేతికి అందిన మంచి హెడ్డింగ్‌నే వాడతాడు. తేడా వస్తే ఖండన వచ్చేది మీ పేరు మీదే. మర్నాడు ఆ ఊరికి వెళ్లి జవాబు చెప్పాల్సిందీ మీరే.