కొల్హాపురీ కరుస్తోందా?

ప్రశ్న: కొత్త కొల్హాపురీ చెప్పులు బొటనవేలి దగ్గర కరుస్తున్నాయి. తిరిగి ఇచ్చేయనా?

జవాబు: అప్పుడే వద్దండి. అసలైన కొల్హాపురీకి తోలును తుమ్మ బెరడు, కరక్కాయలతో పదును చేస్తారు. మొదట్లో బిరుసుగానే ఉంటుంది. పట్టీల లోపలివైపు ఆముదం పల్చగా రాసి రాత్రంతా వదిలేయండి. కొన్నాళ్లు ఇంట్లోనే కాసేపు తొడుక్కుని తిరగండి. వాడేకొద్దీ మడమ గుంట, అయిదు వేళ్ల అచ్చు అడుగుతోలు మీద పడతాయి, రంగూ ముదురుతుంది. ఇక ఆ జత మీ పాదానికే సొంతం. రెక్సిన్‌కి ఆ యోగం ఎక్కడిది, పాతబడితే పెచ్చులూడటమే! 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది మహారాష్ట్ర, కర్ణాటకల్లోని 8 జిల్లాల చెప్పులకే. కొనేటప్పుడు ఎక్కడివో అడగండి. వానలో వేసుకోవద్దు. తడిస్తే నీడనే ఆరబెట్టండి. సైజే చిన్నదైతే మాత్రం ఆముదం ఏమీ చేయలేదు, వెంటనే మార్చుకోండి.