ఎసట్లో పోసేముందే తీసిన పిడికెడు

చిట్టితల్లికి,

  

మొన్న ఫోనులో నువ్వన్న మాట నా మనసులోంచి పోవడం లేదు. నీతోపాటు క్వయర్‌లో పాడే అమ్మాయి వాళ్ల నాన్న పోయి రెండు నెలలైందన్నావు. "వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను అమ్మమ్మా, వెళ్లడానికే కుదరలేదు. ఇప్పుడెళ్లి ఏం మాట్లాడాలో కూడా తెలియడం లేదు" అన్నావు. నిన్ను తప్పుపట్టాలని ఈ ఉత్తరం రాయడం లేదు. నీ రాత్రి షిఫ్టులు, హైదరాబాదు ట్రాఫిక్కు నేనెరగనివి కావు. కుదరకపోవడం చివరికి ఎక్కడిదాకా తీసుకెళ్తుందో అనుభవించినదాన్ని కనుక రాస్తున్నాను.

నేను బడిలో పనిచేసే రోజుల్లో మన గుళ్లో ఎడమవైపు కిటికీ కింద ఒక ముసలావిడ కూర్చునేది. చాప తనే చంకన పెట్టుకొచ్చేది. ఒక ఏడు పరీక్షల కాలంలో వరసగా మూడు ఆదివారాలు ఆ కిటికీ కింద ఖాళీగా కనబడింది. చూశాను. వచ్చే వారం వెళ్దాంలే అనుకున్నాను. సండేస్కూలు పిల్లల పాటలు, స్త్రీల సమాజం లెక్కలు, చేతినిండా దేవుని పనే. నాలుగో ఆదివారం పాస్టరుగారు ఆమె భూస్థాపన సంగతి ప్రకటించారు. ఆమె ఇల్లు మనింటికి రెండు వీధుల అవతల. నేటికీ ప్రభు భోజన సంస్కారానికి మోకరించేటప్పుడు నా కళ్లు ఆ కిటికీ వైపే పోతాయి.

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తీసి చదువు. యెరూషలేము సంఘంలో సణుగు పుట్టింది. రోజూ ఆహారం పంచేటప్పుడు గ్రీకు మాట్లాడే విధవరాండ్రను మరిచిపోతున్నారని. అదెప్పుడు? శిష్యుల సంఖ్య పెరుగుతున్న రోజుల్లో. సంఘం బాగున్నప్పుడే, సందడి ఎక్కువైనప్పుడే మరుపు వచ్చింది తల్లీ. అపొస్తలులు అది చిన్న సంగతని తోసెయ్యలేదు. ఏడుగురిని ఏర్పరచమని సంఘానికి చెప్పి, వాళ్లకు ఆ పని అప్పగించారు. మంచి మనసున్నా, మరిచిపోకుండా ఉండడానికి ఒక ఏర్పాటు కావాలి.

మా అమ్మకు ఆ ఏర్పాటు పిడికెడు బియ్యం. పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే, చేటలో బియ్యం ఏరి, కడిగే ముందు ఒక పిడికెడు తీసి పక్కనున్న మట్టిపిడతలో వేసేది. వేసేటప్పుడు పెదవులు కదిలేవి. ఎవరి పేరో తలుచుకునేది. ఆదివారం ఆ బియ్యం గుళ్లో కానుకగా కుమ్మరించేది. ఆరుగురు పిల్లల ఇంట్లో మిగిలితే వేద్దామనుకుంటే ఎన్నడూ మిగిలేది కాదు. అందుకే ముందే తీసేది. నీ వారం కూడా అంతే. మిగిలిన పొద్దులో వెళ్దామనుకుంటే పొద్దు మిగలదు.

మెసేజ్ పెట్టాను కదా, వెళ్లడం ఎందుకంటావేమో. మన దోర్నకల్ అజరయ్య గారు 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యారు. దానికి రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీ మహాసభలో విదేశీ మిషనరీల త్యాగాన్ని మెచ్చుకుంటూనే, మాకు మీ స్నేహం కావాలని నోరు తెరిచి అడిగారు. బడులు, ఆసుపత్రులు కట్టించిన వాళ్ల దగ్గరా ఇంకా అడగవలసింది మిగిలిపోయింది చూడు. డబ్బు పంపినా, మెసేజ్ పెట్టినా, మన పక్కన కూర్చునే మనిషి కోసం ప్రాణం కొట్టుకుంటూనే ఉంటుంది.

ఏం మాట్లాడాలో తెలియదన్నావు. మత్తయి ఇరవై అయిదో అధ్యాయంలో ప్రభువు, రోగిని బాగుచేశావా అని అడగడు, చూడవచ్చావా అంటాడు. చెరసాలలో ఉన్నవాణ్ణి విడిపించావా అని కూడా అడగడు. అక్కడికి వచ్చావా అన్నదే ఆయన లెక్క.

ఆలస్యమైందని జంకకు. మీ తాతయ్య పోయిన మొదటి వారం ఇల్లు పట్టనంత జనం. ఆదరణ కూడిక అయ్యాక ఒక్కొక్కరే తగ్గిపోయారు. రెండో నెలకు ఆయన కుర్చీ, నేను మిగిలాం. ఎవరైనా వచ్చి ఆయన పేరెత్తితే బాగుండునని గుమ్మం వైపు చూస్తూ కూర్చునేదాన్ని. ఆ అమ్మాయి వాళ్ల ఇంట్లో ఇప్పుడు అదే కాలం నడుస్తోంది.

ఈ శనివారం వెళ్లు. ఫోను బ్యాగులో పెట్టెయ్యి. వాళ్లమ్మ పక్కన కూర్చుని, "అంకులు గురించి చెప్పండి ఆంటీ" అని అడుగు. ఆవిడ ఏడిస్తే ఆపకు. టీ ఇస్తే వద్దనకు. లేచేముందు చిన్న ప్రార్థన చెయ్యి, నీకు వచ్చినట్టే.

అమ్మ పిడత ఇంకా నా దగ్గరే ఉంది. నిన్న అన్నం వండేముందు ఆ తల్లి కోసం ఒక పిడికెడు తీసి అందులో వేశాను. పెదవులు కదిపాను గాని ఆవిడ పేరు తెలియలేదు. వెళ్లొచ్చి పేరు చెప్పు.

దీవెనలతో,
నీ అమ్మమ్మ