సాయంత్రపు ఆట – పిల్లల మనసుకు బలం

"ఆటలాడితే మార్కులొస్తాయా సిస్టరమ్మా?" అని మా ఓ.పి.కి వచ్చే తల్లులు అడుగుతుంటారు. పదో తరగతి రాగానే ఇంట్లో గానీ బడిలో గానీ మొదట ఆపేది ఆటలనే. బడి విడిచాక స్పెషల్ క్లాసు, ఆపైన ట్యూషన్.

తలనొప్పి, కడుపునొప్పి, నిద్ర పట్టకపోవడం అంటూ వచ్చే పిల్లలకు పరీక్షలు చేయిస్తే కొందరిలో రక్తహీనత బయటపడుతుంది, కొందరిలో ఏ జబ్బూ కనబడదు. నెమ్మదిగా మాట్లాడిస్తే అసలు సంగతి తెలుస్తుంది: పరీక్షల భయం, ఇంట్లో తాగుడు, లేదా అమ్మానాయినలు పని కోసం ముంబయి, పూణే పోగా అవ్వ దగ్గర ఒంటరితనం. పాలమూరులో వలసలు మునుపటికన్నా తగ్గినా ఆగిపోలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 10–19 ఏళ్ల వారిలో ప్రతి 7గురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుంది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చాక మన రాష్ట్రంలో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్న సంగతి మనం మరువలేము.

ఆట ఏమి చేస్తుంది?

1. ఒళ్లు అలసితే రాత్రి మంచి నిద్ర పడుతుంది. దిగులు, ఆందోళన తగ్గుతాయి. 5–17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ఆ సంస్థ 2020లో సూచించింది.

2. ఓడిపోవడం అలవాటవుతుంది. కబడ్డీలో అవుటైన ఆటగాడు, తన జట్టుకు పాయింటు రాగానే తిరిగి లోపలికి వస్తాడు. పరీక్ష తప్పిన పిల్లకు కూడా మళ్లీ అవకాశం ఉందని మనం నోటితో చెప్పేకన్నా ఈ ఆట బాగా నేర్పుతుంది.

3. "ఈరోజు ఎందుకు రాలేదు?" అని అడిగే మనిషి ఒకరు దొరుకుతారు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

ఎలా నడిపించాలి?

కబడ్డీకి, ఖోఖోకు పెద్ద ఖర్చు లేదు. బడి విడిచాక ఒక గంట, బాధ్యత తీసుకునే పెద్దవారు ఒకరు, తాగునీరు ఉంటే చాలు. ఎండాకాలంలో పొద్దు వాలాకే ఆడించాలి. అమ్మాయిలకు కూడా సమానంగా సమయమివ్వాలి, చీకటి పడకముందే జతగా ఇంటికి పంపాలి. బాగా ఆడేవారినే ఆడించి మిగిలినవారిని గట్టున కూర్చోబెట్టవద్దు. పరుగెత్తలేని వారికి స్కోరు రాసే పని ఇవ్వండి. తిట్టడం, బరువును, రంగును ఎగతాళి చేయడం జరిగితే ఆ ఆట మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

ఆట సరిపోనప్పుడు

ఆట మందుకు బదులు కాదు. రెండు వారాలకు పైగా దిగులుగా ఉండడం, ఇష్టమైన ఆట మానేయడం, తిండి, నిద్ర తగ్గడం, "నేనుండి ఏం లాభం" అనడం గమనిస్తే "చనిపోవాలనిపిస్తోందా బిడ్డా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందనేది అపోహ. బిడ్డను ఒంటరిగా వదలకండి. పురుగుమందులు ఇంట్లో ఉంచకండి, తప్పనిసరైతే తాళం వేయండి. ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి. 14416 టెలీ మానస్ నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

పోలీసు కేసు అవుతుందని దాచి, ఆలస్యంగా తెచ్చే కుటుంబాలను మేము చూశాం. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అలా ప్రయత్నించిన వారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా భావించి చికిత్స ఇవ్వాలే గాని శిక్షించరాదు. భయపడకుండా వెంటనే రండి.

ఆలోచించండి

1. మీ ఊరి బడిలో సాయంత్రం ఆడుకునే స్థలం ఉందా? అమ్మాయిలు ఆడుతున్నారా?
2. తల్లిదండ్రులు వలస పోయిన పిల్లలు మీ వీధిలో ఎవరున్నారు? సాయంత్రం వారిని ఎవరు పలకరిస్తున్నారు?
3. వారానికి రెండు సాయంత్రాలు మైదానంలో ఉండగలవారు మీలో ఎవరు?