మన మాస్సీకి చుట్టం

నూజెండ్ల

చిరంజీవి అల్లుడికి,

నువ్వు పంపిన ఫొటో మీ అమ్మ ఫోన్లో చూశాను. ఆకుపచ్చ కారు, టాపు లేదు, కూర్చున్నవాడు చెయ్యి కిందికి చాపితే రోడ్డు తగిలేలా కోసిన తలుపులు. అది ట్రయంఫ్ టీఆర్‌3. ముందున్న చిన్న నోట్లో గళ్ల గ్రిల్లు కనిపిస్తోంది కదా, అదే గుర్తు. దానికంటే ముందు వచ్చిన టీఆర్‌2కి ఆ నోరు బోసిగా, లోపలికి ఉంటుంది. నువ్వు చదువుతున్న కోవెంట్రీలోనే, క్యాన్లీ ఫ్యాక్టరీలో ఇవి తయారయ్యాయి.

"ఈ పాత కార్ల పని నేర్చుకోవాలనుంది మామా, ఎక్కడ మొదలుపెట్టను?" అని అడిగావు. మీ నాన్న మాస్సీ ట్రాక్టరు దగ్గర మొదలుపెట్టు.

ఎగతాళి కాదురా. హ్యారీ ఫెర్గూసన్ అనే ఐర్లండు మనిషి 1946లో తన చిన్న బూడిదరంగు ట్రాక్టర్ను మీ కోవెంట్రీలోనే, బ్యానర్ లేన్‌లో స్టాండర్డ్ మోటార్ కంపెనీ చేత తయారు చేయించాడు. మొదట్లో అమెరికా ఇంజను బిగించారు. తర్వాత స్టాండర్డ్ వాళ్ల సొంత ఇంజను వచ్చింది. వాన్‌గార్డ్ అనే సంసారపక్షం కారులో పెట్టిందీ ఆ కుటుంబం ఇంజనే. 1953లో అదే కంపెనీ ట్రయంఫ్ పేరు మీద టీఆర్‌2 తెచ్చేటప్పుడు కొత్త ఇంజను మీద డబ్బు పోయలేదు. వాన్‌గార్డ్ ఇంజనునే తీసుకుని, రెండు లీటర్ల పోటీ తరగతిలో పట్టేలా బోరు 85 మిల్లీమీటర్ల నుంచి 83కి తగ్గించి, 1991 సీసీ చేసి, రెండు కార్బొరేటర్లు తగిలించారు. ట్రాక్టరులో ముప్పై హెచ్‌పీ కూడా దాటని ఇంజను 90 ఇచ్చింది. ఆ ఏడాది మే నెలలో బెల్జియంలోని యబెకె రోడ్డు మీద కెన్ రిచర్డ్‌సన్ అనే డ్రైవరు టీఆర్‌2 ముందు అద్దం పీకేసి, అడుగున రేకు బిగించి, గంటకు 124 మైళ్లు తోలాడు. ఆ ఫెర్గూసన్ పేరే తర్వాత మాస్సీ పేరుతో కలిసింది. 1960లో మద్రాసులో టాఫే కంపెనీ వచ్చాక మన చేలల్లోకీ దిగింది. ఇంగ్లండులో కొందరు టీఆర్‌ని ట్రాక్టరు ఇంజను కారని వెక్కిరిస్తారట. నన్నడిగితే అంతకు మించిన పొగడ్త లేదు. దుక్కి దున్నే బరువుకు ఓర్చుకున్న ఇంజనుకు టన్ను కూడా లేని కారును లాగడం ఒక లెక్కా?

ఆ ఇంజనులో నువ్వు ముందుగా చూడాల్సింది వెట్ లైనర్లు. హెచ్‌ఎంటీ జెటార్ హెడ్ దించినప్పుడు చూశావుగా, లైనర్ చుట్టూ నీళ్లు తిరుగుతాయి, అరిగితే తీసి కొత్తది దించుకోవచ్చు. టీఆర్ కూడా అంతే. కింద ఎనిమిది అంకె ఆకారంలో ఉండే గ్యాస్కెట్ మీద జంటగా కూర్చుంటాయి. కూర్చోబెట్టాక ఒక్కో లైనరు బ్లాకు కంటే మూడు నుంచి ఐదు థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు, పైకి నిలవాలి. తక్కువైతే హెడ్ గ్యాస్కెట్ ఎంత కొత్తదైనా పట్టదు, నీళ్లు ఆయిల్లోకి దిగుతాయి. డిప్‌స్టిక్ తీస్తే మజ్జిగ తేలినట్టుంటుంది. హెడ్ దించాక క్రాంకు తిప్పబోతే ముందు లైనర్లను పైన బిళ్లలు పెట్టి బిగించుకో. లేకపోతే పిస్టన్‌తో పాటు లైనరూ కదులుతుంది, అడుగున గ్యాస్కెట్ పోతుంది. లైనరు ఎత్తును ఫీలర్ గేజ్ లేకుండా కంటితో కొలిచే మేస్త్రీ ఎంత పెద్దవాడైనా ఆ పని అతని దగ్గర నేర్చుకోకు.

పానాల సంగతి. మన పెట్టెలో ఉన్నవన్నీ మిల్లీమీటర్లవి. ఆ కారుకి అంగుళాల సెట్టు కావాలి. అర అంగుళం నట్టు అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 పానా పడుతుంది, పట్టినట్టే ఉంటుంది, గట్టిగా లాగితే జారి మూలలు కొట్టేస్తుంది. 9/16కి 14 ఎక్కదు, 15 వదులు. అరవై డెబ్బై ఏళ్ల నట్టు మూల పోయిందంటే ఉలి, సుత్తి తియ్యాల్సిందే. కారు వాడి ముఖం చూడలేవు.

ఇంకొకటి, బ్యాటరీ. ఆ కాలపు ఇంగ్లీషు కార్లకు ప్లస్సు బాడీకి ఉంటుంది, మైనస్సు కాదు. మన అలవాటుతో జంప్ ఇవ్వబోయేవు సుమా.

కార్బొరేటర్ల దగ్గరికి వద్దాం. అక్కడ ఎక్కువసేపు కూర్చో, అల్లుడూ. ఎస్‌యూ కార్బొరేటర్ మీద గుండ్రటి డబ్బా ఉంటుంది. ఇంజను పీల్చే గాలిని బట్టి లోపలి పిస్టన్ పైకి లేస్తుంది. దానికి బిగించిన మొనదేలిన సూది జెట్‌లోంచి లేచినంత మేరకే పెట్రోలు వస్తుంది. పైన చిన్న మూత విప్పితే అందులో పలుచటి ఇంజను ఆయిలు ఉండాలి. అది ఎండిపోతే ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కారు తడబడుతుంది, జనం ప్లగ్గులు మారుస్తూ కూర్చుంటారు. రెండు కార్బొరేటర్లూ సమానంగా పీలుస్తున్నాయో లేదో తెలియాలంటే రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండోది ఒక్కోదాని నోటి దగ్గర పెట్టి విను. రెండు చోట్లా బుస ఒకేలా వినపడాలి. మీటర్లు వచ్చాయిగా అంటావేమో. వచ్చాయి, వాడుకో. ముందు చెవికి పని చెప్పు.

కార్బొరేటర్ విలువ ఏమిటో తెలియాలంటే వినుకొండలో తిరిగిన అంబాసిడర్లను తలుచుకో. 1959 నుంచి వాటిలో వచ్చిన పెట్రోలు ఇంజను బీఎంసీ వాళ్ల బీ సిరీస్, 1489 సీసీ. 1955లో ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారుకు పెట్టిందీ అదే సిరీస్, అదే 1489. ఒక కార్బొరేటర్‌తో మన అంబాసిడర్ 50 హెచ్‌పీ దరిదాపుల్లో ఉంటే, రెండిటితో, మారిన హెడ్‌తో ఎంజీఏ 70 దగ్గరికి వెళ్లింది. పైగా బండి తేలిక. ఒకటి ఎమ్మెల్యేలకు, పెళ్లివాళ్లకు బండి అయింది, రెండోది అమెరికా కుర్రాళ్ల కల అయింది. ఇప్పుడు గుంటూరులో తిరిగే ఎంజీ హెక్టర్‌కి పేరు ఒక్కటే మిగిలింది.

ఇలాంటి చుట్టం ఇంకోటుంది. మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్ కారు నువ్వు చూసి ఉండవు. మడ్‌గార్డులతో సహా బానెట్ మొత్తం ముందుకు వాలుతుంది. ఇంజను చుట్టూ నిలబడి పని చేసుకోవచ్చు, మెకానిక్కుకి అంతకన్నా మర్యాద చేసిన కారు లేదు. ఇంగ్లండులో ఆ హెరాల్డ్ చాసిస్‌నే పొట్టి చేసి 1962లో స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు చేశారు. రెండిటికీ రూపం గీసింది ఇటలీవాడు మికెలోట్టి.

అప్పు చేసి కారు కొనొద్దు. చదువు అప్పే తీరలేదు. అక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, పైన రంగు తళతళలాడినా కింద చాసిస్, తలుపుల కింది పట్టీలు తినేసి ఉంటాయి. స్క్రూడ్రైవర్‌తో తట్టి చూడకుండా ఎవడి మాటా నమ్మకు. పైగా ఇక్కడికి తెచ్చినా రోజూ తిప్పుకోలేవు. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న బండికి వింటేజ్ నంబరు ఇస్తారు, ఫీజు 20,000 రూపాయలు. ప్రదర్శన, ర్యాలీ లాంటి పనులకు తప్ప రోడ్డెక్కించకూడదు. కాబట్టి కోవెంట్రీ మధ్యలోని ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియానికి వెళ్లు, ఆదివారాలు ఆ ఆకుపచ్చ కారు పెద్దమనిషి షెడ్డులో పానాలు అందించు. ఆయన చెప్పకుండా బానెట్ మీద చెయ్యి వెయ్యకు.

టీఆర్‌4లో బోరు 86 చేశారు. ఆ లైనర్లు పాత టీఆర్ బ్లాకులోకీ దిగుతాయి. ఆయన 83వే ఉంచాడా, 86వి వేయించాడా అడిగి రాయి. 86 అయితే లైనర్లు ఎన్ని థౌ నిలబెట్టాడో కూడా కనుక్కో.

ఇట్లు,
మీ మామయ్య